సూదికీ స్లైడుకీ మధ్య

(గురువుగారి స్మారక ధర్మనిధి ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసానికి డాక్టర్లు కానివాళ్ళు కూడా వస్తారు, తెలుగులోనే మాట్లాడండి అని నిర్వాహకులు ముందే చెప్పారు. గురువుగారికి నచ్చే షరతే ఇది. క్లాసులో ఆయన పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు గానీ, మైక్రోస్కోపు ముందు కూర్చోగానే తెలుగులోకి వచ్చేసేవారు. ల్యాబ్‌కి ఏ సీసా వచ్చినా ముందు దాని జోలికి వెళ్ళేవారు కాదు. దానితో వచ్చిన కాగితం చదివేవారు. కాగితం మీద పేరు, వార్డు నంబరు తప్ప మరేమీ లేకపోతే పీజీ విద్యార్థిని వార్డుకు తరిమేవారు. "వయసెంత, నీరు ఎన్నిసార్లు తీశారు, ఇదివరకు ఏమైనా ఆపరేషన్ అయిందా, కనుక్కుని రా" అని. వాడు తిరిగొచ్చేదాకా రిపోర్టు రాసేవారు కాదు. చాదస్తం అనుకునేవాళ్ళం.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ సీసాల్లో ఒకదాని గురించే. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని పరీక్షించి క్యాన్సర్‌ను పట్టుకోవడం. జన్యు పరీక్షలు, రోబో ఆపరేషన్లు ఇన్ని ఉండగా సీసాడు నీళ్ళ గురించి ఏం చెబుతావు అని ఒక మిత్రుడు అడిగాడు. ఈ పరీక్షకు కావలసింది ఒక సూది, ఒక సీసా, ఒక సెంట్రిఫ్యూజ్, రెండు రకాల రంగులు, చూడటం వచ్చిన మనిషి. జిల్లా ఆసుపత్రిలో కూడా ఇవన్నీ ఉంటాయి. అయినా ఈ నీటిలో ఉన్న జబ్బు నెలల తరబడి బయటపడకుండా ఉండిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. తప్పు మైక్రోస్కోపు దగ్గర జరిగేది తక్కువ, సూదికీ స్లైడుకీ మధ్య జరిగేది ఎక్కువ. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే, మిగతాదంతా దీనికి సాక్ష్యం.

ముందు డాక్టర్లు కాని వారి కోసం రెండు మాటలు. ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పలచని పొర, ఛాతీ గోడకు లోపలి వైపున మరో పొర ఉంటాయి. రెంటినీ కలిపి ప్లూరా అంటాం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా వాటి మధ్య పదీ ఇరవై మిల్లీలీటర్ల నీరు ఉంటుంది. అది నిలవ నీరు కాదు. ఒకవైపు ఊరుతూ ఉంటుంది, మరోవైపు ఛాతీ గోడ పొరలోని సన్నని రంధ్రాల గుండా లింఫ్ నాళాల్లోకి పోతూ ఉంటుంది. ఊరేది ఎక్కువైనా, పోయే దారి మూసుకున్నా నీరు నిలుస్తుంది. క్యాన్సర్ ఈ రెండు పనులూ చేస్తుంది. పొర మీద నాటుకుని అక్కడి రక్తనాళాలు నీరు కార్చేట్టు చేస్తుంది, లింఫ్ దారులను తన కణాలతో పూడ్చేస్తుంది. అందుకే తీసిన నీరు మళ్ళీ మళ్ళీ చేరుతుంది. "మొన్ననేనండీ లీటరు పైన తీశారు, పదిహేను రోజులు తిరక్కుండా మళ్ళీ నిండింది" అని ఇంట్లోవాళ్ళు వాపోతారు. డాక్టర్ ఆ మాటను ఓదార్చి వదిలేయకూడదు, కేసుషీటులో రాసుకోవాలి.

ఛాతీని వేలితో తట్టి లోపల నీరుందని చెప్పే విద్యను పుస్తకంగా రాసినవాడు లియోపోల్డ్ ఔన్‌బ్రుగ్గర్. వియన్నాలో సైనికుల ఆసుపత్రి వైద్యుడు. ఆయన తండ్రి గ్రాజ్ పట్నంలో సత్రం నడిపేవాడు. పీపాలో సారాయి ఎంతవరకు ఉందో తట్టి చెప్పడం కొడుకు అక్కడే చూశాడని అంటారు. శవాల ఛాతీలోకి నీళ్ళు ఎక్కించి, తట్టి, శబ్దం ఎక్కడ మారుతుందో సరిచూసుకున్నాడు. 1761లో ఆ పుస్తకం వస్తే దాదాపు యాభై ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడు కార్విసార్ దాన్ని ఫ్రెంచిలోకి అనువదించాకే లోకానికి తెలిసింది. ఔన్‌బ్రుగ్గరే సంగీతకారుడు సాలియేరికి ఒక ఆపెరా కూడా రాసిపెట్టాడు. డాక్టర్లు సాహిత్యం జోలికి వెళ్ళడం ఇవాళ మొదలైన రోగం కాదన్నమాట. ఇప్పటి మన హౌస్ సర్జన్లు తట్టడం మానేసి నేరుగా స్కానింగ్‌కి రాస్తున్నారు. స్కానింగ్ మంచిదే, అవసరమే. కానీ తట్టి చూసే అర నిమిషంలో రోగి మనతో మాట్లాడతాడు.

ఛాతీలో నీరుందని తెలియడం వేరు, ఆ నీటిలో ఏముందో తెలియడం వేరు. శరీరంలో చేరిన నీటిలో క్యాన్సర్ కణాలు ఉంటాయని మొదట రాసింది జర్మన్ వైద్యులు. 1867లో ల్యూకె, క్లెబ్స్ అనే ఇద్దరు పొట్టలోని నీటిలో వాటిని వర్ణించారు. 1900లో పారిస్‌లో విడాల్, రావో ప్లూరా నీటిలోని తెల్లకణాలను లెక్కపెట్టి, క్షయలో లింఫోసైట్లు ఎక్కువగా ఉంటాయని చూపించారు. తర్వాత గ్రీసు దేశం నుంచి అమెరికా వెళ్ళిన పాపానికొలావ్. ఆయన పేరు వినగానే గర్భాశయ ముఖద్వారం పరీక్ష గుర్తొస్తుంది. కానీ ఆయన కనిపెట్టిన రంగునే ఈ రోజుకీ ప్లూరా నీటి స్లైడుకు వేస్తున్నాం. 1954లో ఆయన వెలువరించిన పెద్ద అట్లాస్‌ను మా తరం విద్యార్థులు లైబ్రరీలో నిలబడి చూసేవాళ్ళు, ఇంటికి ఇచ్చేవారు కాదు గనుక.

రసాయన పరీక్షల వైపు 1972 ముఖ్యమైన ఏడాది. రిచర్డ్ లైట్ అనే యువ వైద్యుడు, సహచరులతో కలిసి, నీటిలోని ప్రోటీన్‌నూ ఎల్‌డీహెచ్ అనే ఎంజైమునూ రక్తంలోని వాటితో పోల్చే సూత్రం ఇచ్చాడు. నీటిలోని ప్రోటీన్ రక్తంలో ఉన్నదానిలో సగానికి మించినా, ఎల్‌డీహెచ్ 0.6 వంతుకు మించినా, లేదా ఎల్‌డీహెచ్ రక్తపు గరిష్ఠ సాధారణ పరిమితిలో మూడింట రెండు వంతులు దాటినా అది జబ్బుపడ్డ పొర నుంచి ఊరిన నీరు. అంటే ఎగ్జుడేట్. ఈ మూడూ లేకపోతే గుండె, కాలేయం, మూత్రపిండాల్లో ఎక్కడో తేడా ఉండి పొర గుండా జారిన నీరు. యాభై ఏళ్ళు దాటినా ఇదే సూత్రం నడుస్తోంది. మెడిసిన్‌లో ఇంతకాలం నిలిచిన సంఖ్యలు ఎక్కువ లేవు.

అసలు చిక్కు ఎగ్జుడేట్ అని తేలాక మొదలవుతుంది. మన దేశంలో ఎగ్జుడేట్ అనగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట టీబీ. అందులో తప్పు లేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం చూసిన నేల మనది, క్షయను అనుమానించడం మన డాక్టర్లకు గురువుల నుంచి వచ్చిన అలవాటు. పాతికేళ్ళ కుర్రాడికి జ్వరం, ఒకవైపు నీరు, నీటిలో లింఫోసైట్లు, ఏడీఏ అనే ఎంజైము 40 యూనిట్లు దాటి ఉంటే టీబీ అని మందులు మొదలుపెట్టడం సరైన వైద్యమే. కానీ అదే సూత్రాన్ని యాభై అయిదేళ్ళ మనిషికి, జ్వరం లేని మనిషికి, ఎర్రటి నీరు వచ్చిన మనిషికి అతికిస్తేనే ప్రమాదం. క్యాన్సర్ నీటిలోనూ లింఫోసైట్లే ఎక్కువగా ఉండవచ్చు. లింఫ్ కణాల క్యాన్సర్ అయిన లింఫోమాలో, చీము పట్టిన నీటిలో ఏడీఏ కూడా పెరుగుతుంది. ఏడీఏ ఒక సంఖ్య. కణం కనబడితే దానికి సాక్షి అక్కర్లేదు.

ఒక తల్లి సంగతి చెబుతాను. ఊరు, ఆసుపత్రి చెప్పను. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళే మనిషి, యాభైకి దగ్గర వయసు. చుట్ట, బీడీ ఏ అలవాటూ లేదు. ఆయాసం వస్తే నీరు తీశారు. సిరంజిలో పది మిల్లీలీటర్లు ల్యాబ్‌కి వెళ్ళింది, మిగిలిన ముప్పావు లీటరు బకెట్లో పడింది. లింఫోసైట్లు ఎక్కువ, ఏడీఏ 30కి పైన, క్యాన్సర్ కణాలు కనపడలేదు అని రిపోర్టు. టీబీ కోర్సు మొదలైంది. మూడో నెలలో కూతురు ఆమెను మా దగ్గరకు తీసుకొచ్చింది. "మాత్రలు ఒక్క రోజు కూడా మానలేదండీ. ఎర్రగా మూత్రం వస్తోంది, మందు పనిచేస్తోందనే అనుకున్నాం. ఆయాసం మాత్రం పెరిగింది. పడుకుంటే ఊపిరాడటం లేదంటోంది" అంది ఆ అమ్మాయి. తల్లి మాట్లాడలేదు, మాట్లాడితే రొప్పు వస్తుంది. ఈసారి తీసిన నీరంతా ల్యాబ్‌కి వచ్చింది. అడుగున తేరిన మడ్డిలో ముద్దలు ముద్దలుగా కణాలు. అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆమెకు నిజంగా టీబీ కూడా ఉందేమోనని మళ్ళీ వెతికాం, లేదు.

మొదటి రిపోర్టు రాసిన ల్యాబ్ తప్పు చేసిందా? చూసిన స్లైడులో నిజంగానే ఏమీ లేకపోయి ఉండవచ్చు. వాళ్ళకు అందిన నీరే పది మిల్లీలీటర్లు. కాగితం మీద వయసు లేదు, "?టీబీ" అని మాత్రం ఉంది. ప్రశ్నలోనే జవాబు రాసి పంపాక ల్యాబ్ ఆ జవాబునే తిప్పి పంపుతుంది.

నీరు తీయడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సీసాలో ఏం పడుతుందన్నది ఇక్కడే తేలిపోతుంది. రోగిని కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద దిండు వేసి, దాని మీదకు చేతులు ముడిచి వాలమంటాం. అల్ట్రాసౌండ్‌తో నీరు ఎక్కడ ఎక్కువగా ఉందో చూసి గుర్తు పెట్టుకుంటాం. మత్తు ఇచ్చాక, పక్కటెముక పై అంచును ఆనుకుని సూది వేస్తాం. ఎముక కింది అంచు వెంట రక్తనాళాలు, నరం ఉంటాయి గనుక అటు వెళ్ళకూడదు. ఒకేసారి లీటరున్నర కంటే ఎక్కువ తీయకుండా చూసుకుంటాం. చాలాకాలం ముడుచుకుని ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోకే నీరు దిగే ప్రమాదం ఉంది. రోగికి దగ్గు తెరలు తెరలుగా వచ్చినా, ఛాతీ బిగబట్టినట్టున్నా ఆపేయాలి. చాలామంది బంధువులు ఇక్కడ అడిగే ప్రశ్న, సూది పెడితే క్యాన్సర్ పాకదా అని. సూది దారిలో గడ్డ రావడం మీసోథీలియోమా అనే అరుదైన జబ్బులో అప్పుడప్పుడు చూస్తాం. ఆ భయంతో నీరు తీయకపోతే జరిగే నష్టం అంతకంటే చాలా పెద్దది.

క్యాన్సర్ అనుమానం ఉంటే సైటాలజీకి, అంటే కణాల పరీక్షకు, కనీసం 25 నుంచి 50 మిల్లీలీటర్లు పంపాలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉంటే ఇంకా ఎక్కువ పంపండి, ల్యాబ్‌లో ఎవరూ కోప్పడరు. గడ్డకట్టకుండా మందు వేసిన సీసాలో పంపండి. సాయంత్రం తీసిన నీరు పొద్దున వెళ్ళేట్టయితే ఫ్రిజ్‌లో పెట్టండి, చెడిపోదు. ఫార్మలిన్ మాత్రం పోయకండి. శుభ్రతకు చిహ్నమనుకుని ప్రతి సీసాలోనూ ఫార్మలిన్ నింపే నర్సింగ్ హోములు ఇంకా ఉన్నాయి. బయాప్సీ ముక్కకు అది ప్రాణం. స్మియర్ వేయాల్సిన నీటికి అదే కీడు, కణాలు రంగును సరిగ్గా పట్టవు.

ల్యాబ్‌కి వచ్చిన నీటిని ముందు కంటితో చూస్తారు. గడ్డి రంగు, తేనె రంగు, రక్తం రంగు, పాల రంగు. పాలలా ఉంటే ఛాతీలోని పెద్ద లింఫ్ నాళం తెగిందేమో, లింఫోమా నొక్కుతోందేమో అన్న ఆలోచన వస్తుంది. రక్తంలా ఉంటే క్యాన్సర్ అనుమానం పెరుగుతుంది, తీర్పు కాదు. తర్వాత గొట్టాల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. అడుగున పేరుకున్న మడ్డిని గాజుపలక మీద పలచగా లాగుతారు. ఒక పలకను తడి ఆరకముందే ఆల్కహాల్‌లో ముంచి పాపానికొలావ్ రంగు వేస్తారు, మరో పలకను గాలికి ఆరబెట్టి గీంసా రంగు వేస్తారు. మొదటి దానిలో కేంద్రకం లోపలి అమరిక బాగా తెలుస్తుంది, రెండో దానిలో కణద్రవ్యం, రక్తకణాలు బాగా తెలుస్తాయి. రెండూ కావాలి. మిగిలిన మడ్డిని గడ్డకట్టించి, ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో అచ్చు పోస్తే అదే సెల్ బ్లాక్. ఇది కొత్త వింత కాదు, 1896లోనే దీన్ని వర్ణించారు. నూట పాతికేళ్ళ తర్వాత కూడా మన దగ్గర చాలా ల్యాబ్‌లు మడ్డిని సింకులో పోస్తున్నాయి.

ఇక స్లైడు మీద ఏం చూస్తాం? ప్లూరా నీటిలో క్యాన్సర్ ఉన్నా లేకపోయినా మీసోథీలియల్ కణాలు ఉంటాయి, పొరను కప్పి ఉండేవే ఇవి. గుండె వైఫల్యంలో, లివర్ గట్టిపడ్డప్పుడు, కిడ్నీలు పాడైనప్పుడు, ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ ఇరుక్కున్నప్పుడు ఇవి రెచ్చిపోతాయి. కేంద్రకం పెద్దదవుతుంది, రెండు మూడు కేంద్రకాలు వస్తాయి, కణ విభజన కూడా కనిపిస్తుంది. కొత్తగా చూసేవాడు దాన్నే క్యాన్సర్ అని రాసేస్తాడు. గురువుగారు ఇక్కడ ఒక్క మాట చెప్పేవారు. ఒక ఇంటి పిల్లల్లో పెద్దవాడికీ చిన్నవాడికీ మధ్యవాడిలో పోలిక కలుస్తుంది, అలా పోలిక కలవని వాణ్ణి వెతకవోయ్ అని. మీసోథీలియల్ కణాలు ఎంత రెచ్చిపోయినా మామూలు కణం నుంచి వింత కణం దాకా మధ్యస్థాలన్నీ స్లైడు మీదే దొరుకుతాయి. కణానికీ కణానికీ నడుమ సన్నని ఖాళీ కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు అలా కాదు. వాటికీ చుట్టుపక్కల కణాలకూ నడుమ మధ్యస్థం ఉండదు. అంచులు గట్టిగా తీర్చిన గుండ్రటి ముద్దలుగా రావచ్చు, అవి ఎక్కువగా రొమ్ము క్యాన్సర్‌లో. లోపల జిగురు నిండి కేంద్రకం ఓ పక్కకు నొక్కుకుపోయి రావచ్చు, అది ఎక్కువగా కడుపు నుంచి వచ్చినది. ఒకదాన్నొకటి నొక్కుకుంటూ చిన్న చిన్న నల్లటి కేంద్రకాలు వరసకడితే స్మాల్ సెల్ క్యాన్సర్ అని అనుమానిస్తాం. ఇవన్నీ అనుమానాలే. రంగు వేసిన కణం ఏ ఊరి నుంచి వచ్చిందో ముఖం చూసి చెప్పే రోజులు పోయాయి, పోవడం మంచిదే.

ఇప్పుడు సెల్ బ్లాక్ పని మొదలవుతుంది. దాని మీద ఇమ్యూనో రంగులు వేస్తాం. కాల్‌రెటినిన్ పట్టితే ఆ కణం పొరదే. బెర్ ఈపీ4, క్లాడిన్-4 పట్టితే పరాయి కార్సినోమా. అందులో టీటీఎఫ్-1, నాప్సిన్-ఎ పట్టితే ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వైపు, గాటా3 రొమ్ము వైపు, పాక్స్8 అండాశయం లేదా కిడ్నీ వైపు చూస్తాం. ఒక్క రంగు చూసి తీర్పు చెప్పం, రెండు ఇటువి రెండు అటువి కలిపి చూస్తాం. అంతటితో ఆగదు. 2004లో అమెరికా పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఒక రకం మాత్ర బాగా పనిచేస్తుందని కనుగొన్నారు. మన దేశంలో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా రోగుల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఈ మార్పు కనిపిస్తోంది, పొగ తాగని ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. 2007లో జపాన్ నుంచి ఏఎల్‌కే అనే మరో జన్యువులో మార్పు సంగతి వచ్చింది. ఈ పరీక్షలన్నీ ఆ మైనపు దిమ్మ మీదే చేయవచ్చు. నేను చెప్పిన తల్లికి ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉంది. ఛాతీకి పెద్ద కోత లేకుండా, సీసాడు నీటితోనే ఆమెకు ఏ మాత్ర ఇవ్వాలో తేలింది. చాలాకాలం మళ్ళీ పనికి వెళ్ళింది. మొదటిసారి పారబోసిన ముప్పావు లీటరులోనూ అదే జవాబు ఉండే ఉంటుంది.

ఈ పరీక్షకు హద్దులున్నాయి, అవి చెప్పకపోతే అమ్ముకునే మాటలవుతాయి. క్యాన్సర్ నీరు అని చివరికి తేలినవారిని తీసుకుంటే, సైటాలజీ పట్టుకోగలిగేది సగటున నూటికి అరవై మందిలో. అడినోకార్సినోమాలో, అండాశయ క్యాన్సర్‌లో ఇది బాగా పట్టుకుంటుంది. మీసోథీలియోమాలో చాలా తక్కువగా పట్టుకుంటుంది, అక్కడ జబ్బు కణం, రెచ్చిపోయిన మంచి కణం ఒకే ఇంటివి గనుక. రెండోసారి నీరు పంపితే మరికొందరిలో బయటపడుతుంది. మూడోసారి నుంచి కొత్తగా వచ్చే లాభం చాలా కొద్ది. 2020లో ప్రచురితమైన అంతర్జాతీయ పద్ధతి ఈ రిపోర్టులను అయిదు గూళ్ళలో పెట్టమంటుంది: నమూనా చాలలేదు, క్యాన్సర్ లేదు, తేల్చలేని తేడా, అనుమానం బలంగా ఉంది, క్యాన్సర్ ఉంది. ఈ పద్ధతికి ఆధారమైన పాత రికార్డుల లెక్కల్లో, "క్యాన్సర్ లేదు" అన్న గూట్లో పెట్టినవారిలో సుమారు అయిదో వంతు మందికి తర్వాత క్యాన్సర్ తేలింది. ఆ గూటి మీద "ఈ నీటిలో కనపడలేదు" అని చదువుకోవాలి. అది రోగికి ఇచ్చిన క్లీన్ చిట్ కాదు.

దీనికి తిరకాసు కూడా ఉంది. క్యాన్సర్ ఉన్న మనిషిలో చేరిన ప్రతి నీరూ క్యాన్సర్ నీరు కాదు. గడ్డ గాలిగొట్టాన్ని మూస్తే, రోగికి న్యుమోనియా వస్తే, ప్రోటీన్ బాగా పడిపోతే నీరు చేరవచ్చు. 1937లో జో మీగ్స్ అనే బోస్టన్ వైద్యుడు ఇంకా విచిత్రమైనది రాశాడు. అండాశయంలో మామూలు ఫైబ్రోమా గడ్డ, పొట్టలో నీరు, ఛాతీలో నీరు. గడ్డ తీసేస్తే నీరంతా మాయమవుతుంది, క్యాన్సర్ అసలే లేదు. ఆడవాళ్ళలో ఒకవైపు నీరు కనబడగానే ఆశ వదులుకునే డాక్టరు మీగ్స్‌ను ఒకసారి చదవాలి. నీరు చేరినంత మాత్రాన దశ నిర్ణయించకూడదు, నీటిలో కణం కనబడితే నిర్ణయించాలి. ఎందుకంటే కనబడితే లెక్క పెద్దది. క్యాన్సర్ దశలను నిర్ణయించే టీఎన్‌ఎమ్ పద్ధతిలో 2009లో వచ్చిన ఏడో కూర్పు నుంచి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ప్లూరా నీటిలోని కణాలను ఎం1ఎగా, అంటే నాలుగో దశగా లెక్కిస్తున్నాం. అంతకుముందు మూడో దశలో ఉండేది. ఆపరేషన్ చేయవచ్చా లేదా అన్నది ఆ ఒక్క కణం మీద ఆధారపడి ఉంటుంది.

నీటిలో ఏమీ దొరకక, అనుమానం పోకపోతే పొర ముక్కే తీయాలి. 1958 నుంచి ఏబ్రమ్స్ సూది ఉంది, క్షయకు బాగా పనికొస్తుంది. క్యాన్సర్ పొరంతా పరుచుకోకుండా అక్కడక్కడా అంటుకుంటుంది గనుక గుడ్డిగా తీస్తే తప్పిపోవచ్చు. అందుకే థొరాకోస్కోపీ, అంటే గొట్టం పెట్టి కంటితో చూసి తీయడం. స్టాక్‌హోమ్‌లో యాకోబేయుస్ 1910లోనే మూత్రాశయం చూసే గొట్టాన్ని ఛాతీలో పెట్టి చూశాడు. దాన్ని ఆ తర్వాత ఎక్కువగా వాడింది క్షయ రోగుల అతుకులు కోయడానికి. శతాబ్దం తిరిగేసరికి అదే గొట్టం క్యాన్సర్‌ను పట్టుకోవడంలో నూటికి తొంభైకి పైగా ఫలితమిస్తోంది. మన ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఇది అన్నిచోట్లా అందుబాటులోకి రావాలి. ఇందులో నాకు మొహమాటం లేదు, కొన్నిచోట్ల కొన్న స్కోపులు బీరువాల్లో ఉన్నాయి.

నీటిలో అంత తేలిగ్గా దొరకని మీసోథీలియోమా మాట వచ్చింది గనుక రాతినార, అంటే ఆస్బెస్టాస్, సంగతి ఇక్కడే చెప్పాలి. మీసోథీలియోమాకు ఆస్బెస్టాస్‌తో ఉన్న సంబంధాన్ని 1960లో వాగ్నర్, సహచరులు దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు నీలి ఆస్బెస్టాస్ గనుల దగ్గరి 33 మంది రోగుల ద్వారా చూపించారు. గనిలో దిగినవాళ్ళే కాదు, ఆ చుట్టుపక్కల ఆడుకున్న పిల్లలు పెద్దయ్యాక జబ్బుపడ్డారు. నార పీల్చినప్పటికీ జబ్బు బయటపడేటప్పటికీ మధ్య ఇరవై నలభై ఏళ్ళు పట్టవచ్చు. మన పులివెందుల ప్రాంతంలో తెల్ల ఆస్బెస్టాస్ తవ్వారు. ఆస్బెస్టాస్ రేకులు మన ఊళ్ళలో ఎన్ని కప్పుల మీద ఉన్నాయో అందరికీ తెలుసు. కాబట్టి కాగితం మీద "వృత్తి" అన్న గడిని "కూలి" అని నింపి వదలకండి. ఏం కూలి, ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. ముప్పై ఏళ్ళ కిందటి పని గురించి అడగండి.

జబ్బు తేలాక ఆయాసానికి మందేమిటి అన్నది వేరే ఉపన్యాసం. ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. నీరు మళ్ళీ చేరకుండా రెండు పొరల మధ్య టాల్క్ చల్లి అతికించే పద్ధతిని 1935లో రాసింది నార్మన్ బెతూన్. చైనాలో చనిపోయిన ఆ బెతూనే, తర్వాత ఆయన పేరున్న ఆసుపత్రిని నడిపినవాడు మన షోలాపూర్ డాక్టర్ కోట్నిస్. బెతూన్ తానే క్షయ రోగి, ఛాతీ వైద్యానికి ఆ దారినే వచ్చాడు. ఇవాళ టాల్క్‌తో పాటు ఇంట్లోనే నీరు వదులుకునే సన్నని గొట్టాలు కూడా ఉన్నాయి. క్యాన్సర్ నీరు అని తేలిన రోగి బతికేది చాలాసార్లు నెలల లెక్కే, కానీ పడుకుని నిద్రపోగలిగే నెలలు ఇవ్వడం మన చేతిలో ఉంది. అది ఆలస్యం లేకుండా ఇవ్వాలంటే కణం ముందే కనబడాలి.

కాబట్టి ఈ సభలోని డాక్టర్లకు నా విన్నపం. నలభై దాటిన మనిషికి ఒకవైపు నీరు కనబడితే, టీబీ మందులు మొదలుపెట్టే ముందు 50 మిల్లీలీటర్లు సైటాలజీకి పంపండి, సెల్ బ్లాక్ చేయమని కాగితం మీద రాయండి, వయసు, వృత్తి, పాత జబ్బులు రాయండి. రెండు నెలల మందుతో నీరు తగ్గకపోతే కోర్సు పొడిగించే ముందు మళ్ళీ నీరు తీయండి. ఇక్కడున్న మిగతావారికి, మీ ఇంట్లో ఎవరికైనా నీరు తీస్తే రిపోర్టుతో ఆగకండి. స్లైడులు, బ్లాకు ఏ ల్యాబ్‌లో ఉన్నాయో, ఎన్నాళ్ళు దాస్తారో అడిగి రాసి పెట్టుకోండి. పెద్దాసుపత్రికి వెళ్ళేటప్పుడు అవి వెంట తీసుకెళ్ళండి. అది అడిగే హక్కు మీకుంది.